'దీజ్ రైస్' అని రాసిన పిల్లాడికి ఏమని చెప్పాలి?

బొబ్బిలి ట్యూషన్ అక్క:
సాయంత్రం పూట ఇంటి దగ్గర ఆరు, ఏడు తరగతుల పిల్లలకి ట్యూషన్ చెప్తాను. ఒక్కటైతే దిస్, దట్, ఎక్కువైతే దీజ్, దోజ్ అని అడిగితే అందరూ టక్కున అప్పజెప్తారు, రాసేటప్పుడు మాత్రం మళ్లీ దిస్ బుక్స్, దట్ బాయ్స్. మొన్న ఏడో తరగతి గుంటడొకడు 'దీజ్ రైస్ ఆర్ ఫ్రమ్ అవర్ ఫీల్డ్' అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేశాను. వాడు ఊరుకుంటేనా! "బియ్యం ఉన్నాయి అంటాం గానీ ఉంది అనం కదా టీచర్" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఇంకో రెండు డౌట్లు కూడా ఉన్నాయి. 'దీజ్ కైండ్ ఆఫ్ మ్యాంగోస్' తప్పని ఒక మోడల్ పేపర్‌లో ఉంది, ఇంగ్లిష్ వాళ్లే టీవీలో అలా మాట్లాడుతున్నారు మరి. 'దట్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఈజ్ మైన్' అని కీలో ఇచ్చారు, ఐదొందలకి దట్ ఏంటండీ? సోమవారం పిల్లలకి యూనిట్ టెస్ట్, టెన్షన్ మాత్రం నాకు.

పలాస కుర్రాడు:
అక్కా, చాలా సింపుల్. తర్వాత వచ్చే మాట చివర ఎస్ ఉంటే దీజ్, లేకపోతే దిస్. నేను డీఎస్సీకి అలాగే ప్రిపేర్ అవుతున్నా.

శ్రీకాకుళం మాస్టారు:
తమ్ముడూ, ఆ ఎస్ లెక్క నమ్ముకుంటే దీజ్ న్యూస్, దీజ్ మ్యాథమాటిక్స్ అని రాసొస్తావు, పైగా దిస్ చిల్డ్రన్, దిస్ పీపుల్ కూడా. నాలుగూ తప్పే.

అమ్మా, ఆ పిల్లాడి వాక్యం తప్పే గానీ వాడి ఆలోచన తప్పు కాదు. వాడు తెలుగు లెక్క వేశాడు. మనకి బియ్యం, పాలు, నీళ్లు, వార్తలు, డబ్బులు అన్నీ బహువచనాలే, పాలు విరిగిపోయాయి అంటాం, నీళ్లు వస్తున్నాయి అంటాం. ఇంగ్లిష్‌లో రైస్, మిల్క్, వాటర్, న్యూస్, మనీ ఏకవచనం కింద లెక్క, కాబట్టి దిస్ రైస్ ఈజ్. కత్తెర, ప్యాంటు, కళ్లజోడు దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. మనకి కత్తెర ఒక్కటే, వాళ్లకి దానికి రెండు అలుగులు గనక దీజ్ సిజర్స్, అలాగే దీజ్ ట్రౌజర్స్, దీజ్ గ్లాసెస్. ముందు పెయిర్ ఆఫ్ పెడితే మళ్లీ దిస్ పెయిర్, ఎందుకంటే అప్పుడు లెక్క పెయిర్‌ది. మీ పలాస సరుకే తీసుకో తమ్ముడూ, జీడిపప్పు బాగుంది అని మనం ఒక్కటిగా అంటాం, వాళ్లు దీజ్ క్యాష్యూస్ ఆర్ గుడ్ అని గింజలు లెక్కపెడతారు.

ఇక దిస్ బుక్స్ సంగతి. తెలుగులో ఈ, ఆ అనేవి మారవు: ఈ పుస్తకం, ఈ పుస్తకాలు. మారేది ఇది, ఇవి. అందుకే 'ఇవి నా పుస్తకాలు' ఇంగ్లిష్‌లో చెప్పమంటే దీజ్ ఆర్ మై బుక్స్ అని తడుముకోకుండా చెప్తారు, 'ఈ పుస్తకాలు కొత్తవి' అనగానే దిస్ బుక్స్ అనేస్తారు. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దాను, ఎక్కువ తప్పులు ఈ రెండో చోటే. మీ పిల్లల నోటుపుస్తకాలు ఒకసారి తిరగేసి చూడండి.

రాజాం నుంచి:
మాస్టారు చెప్పింది నిజమే గానీ సగం గొడవ చెవిది కూడా. మా పాపకి డిక్టేషన్ చెప్తే దిస్, దీజ్ రెండూ ఒకేలా వినపడుతున్నాయంది. తప్పు నాదే, నేనే రెండింటినీ 'దిస్' అన్నట్టు పలుకుతున్నాను. దీజ్‌లో దీర్ఘం ఉంది, చివర స కాదు, జీరోలో మొదట వచ్చే శబ్దం. అది సాగదీసి చెప్పాక కాస్త నయం.

చీపురుపల్లి వాసి:
కైండ్ విషయం నేను చెప్తా. దిస్, దీజ్ చూసేది కైండ్ వైపు, మామిడిపళ్ల వైపు కాదు. సువర్ణరేఖ ఒక్కటే చూపిస్తే దిస్ కైండ్ ఆఫ్ మ్యాంగో, పక్కన బంగినపల్లి, రసం కూడా పెడితే దీజ్ కైండ్స్ ఆఫ్ మ్యాంగోస్. సార్ట్, టైప్ కూడా అంతే. దీజ్ కైండ్ ఆఫ్ అనడం ఇంగ్లిష్ వాళ్ల మాటల్లో వందల ఏళ్లుగా ఉన్నదే, టీవీలో విన్నది అదే. పరీక్షలో మాత్రం మార్కు పోతుంది, అక్కడ పంతానికి పోకండి. ఐదొందలంటారా, డబ్బు, దూరం, కాలం మొత్తం ఒక ముద్దగా చూస్తే ఏకవచనం, అందుకే దట్, ఈజ్. విడివిడిగా నోట్లు లెక్కపెడుతుంటే దోజ్ నోట్స్ ఆర్ మైన్.

బొబ్బిలి ట్యూషన్ అక్క:
మాస్టారూ, మీరన్నట్టే నోటుపుస్తకాలు తిరగేశాను, అచ్చం అంతే! దీజ్ ఆర్ దగ్గర ఒక్క తప్పూ లేదు. ఒక్కటి మిగిలిపోయింది, పెన్ను, పెన్సిల్ కలిపి చూపిస్తే రెండు కదా, దీజ్ పెన్ అండ్ పెన్సిల్ అనొచ్చా?

శ్రీకాకుళం మాస్టారు:
అనకూడదమ్మా, పక్కనున్న పెన్ ఏకవచనం గనక అది దిస్‌నే అడుగుతుంది. దిస్ పెన్ అండ్ దిస్ పెన్సిల్ ఆర్ మైన్ అని రాయించండి, ఆర్ ఎందుకొచ్చిందో ఆ గుంటడే అడుగుతాడు చూడండి.