2019లో స్పర్స్ ఫైనల్ చేరింది ఆటతోనా, అవే గోల్ పుణ్యానా?

అర్ధరాత్రి అయాక్స్:
నిన్న రూమ్‌లో మొదలైన గొడవ ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. 2018-19 ఛాంపియన్స్ లీగ్ (యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద కప్పు) కంటే మంచి నాకౌట్ సీజన్ నేను చూడలేదు. అందులో ఎవరికీ పేచీ ఉండదనుకుంటా. కానీ ఆ సీజన్‌లో మూడు పోటీలు ఇంట్లో ఒకటి, బయట ఒకటి, రెండు మ్యాచ్‌లు కలిపి సమానంగా ముగిశాయి. మాంచెస్టర్ యునైటెడ్-పారిస్ జట్టు పీఎస్‌జీ 3-3, స్పర్స్ (లండన్ టోటెన్‌హామ్)-మాంచెస్టర్ సిటీ 4-4, స్పర్స్-ఆమ్‌స్టర్‌డామ్ జట్టు అయాక్స్ 3-3. మూడింటిలోనూ బయట, అంటే ప్రత్యర్థి మైదానంలో, ఎక్కువ గోల్స్ కొట్టినోళ్లని పైకి పంపేశారు. అదే అవే గోల్ రూల్. అదనపు సమయం (ఇంకో అరగంట ఆట) లేదు, పెనాల్టీలు లేవు. 2021 జూన్‌లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఎఫా ఆ రూల్‌నే తీసిపారేసింది. తప్పని వాళ్లే ఒప్పుకున్నాక ఇంకేముంది? స్పర్స్ క్వార్టర్ ఫైనలూ సెమీఫైనలూ రెండూ గెలవలేదు. సమానం చేసుకుని ఫైనల్‌కి పోయారు, గంతే.

నైట్‌షిఫ్ట్ నాని:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

తాడేపల్లి తెల్లచొక్కా:
మొదలెట్టావా మళ్లీ. బాబూ, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ రాత్రి ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకో. ఫస్ట్ లెగ్ (మొదటి మ్యాచ్) మా ఇంట్లో, లండన్‌లో, 0-1 ఓడాం. అక్కడ 5వ నిమిషంలో అయాక్స్ డి లిక్ట్ హెడర్, 35లో వాళ్ల జియెక్ గోల్. మొత్తం మీద 0-3. మా స్టార్ కేన్ గాయంతో బయట. సగం ఆట అయిపోయింది. అప్పుడు మా లూకాస్ మౌరా 55లో ఒకటి, 59లో ఒకటి, 90+6లో మూడోది. వేరేవాళ్ల గడ్డ మీద 45 నిమిషాల్లో మూడు గోల్స్! దీన్ని 'సమానం చేసుకున్నారు' అంటావా? ఆ మాట రాయడానికి చెయ్యెలా వచ్చింది నీకు?

పైగా రూల్ అనేది ఆగస్టులోనే తెలుసు. అయాక్స్‌కీ తెలుసు, మాకూ తెలుసు. మూడు కొడితే పైకి పోతామని తెలిసే మూడోదాని కోసం అలా పడ్డాం. రూల్ లేకపోతే ఆటే వేరేలా ఉండేది. ఆట ఒక రూల్‌తో ఆడించి, తీర్పు ఇంకో రూల్‌తో చెప్తానంటే ఎలా?

లెక్కల మాస్టారు:
చిన్న సవరణ అండి. స్పర్స్‌ని ఆ సీజన్‌లో అవే గోల్ కాపాడింది రెండుసార్లు కాదు, మూడుసార్లు. నాకౌట్‌కి ముందు గ్రూపులో స్పర్స్‌కీ మిలాన్ జట్టు ఇంటర్‌కీ చెరి 8 పాయింట్లే. మిలాన్‌లో ఇంటర్ 2-1, లండన్ వెంబ్లీలో స్పర్స్ 1-0. ముఖాముఖిలోనూ సమానమే. స్పర్స్ మిలాన్‌లో కొట్టిన ఆ ఒక్క గోల్ తేల్చింది. ఇంటర్‌కి లండన్‌లో గోల్ లేదు.

అర్ధరాత్రి అయాక్స్:
చూశారా! మూడుసార్లు! ఇది నాకు తెలియదు. థాంక్యూ మాస్టారూ.

తాడేపల్లి తెల్లచొక్కా:
మాస్టారూ, అది గ్రూపు స్టేజ్. దాన్ని అవే గోల్ రూల్ అనరు, ముఖాముఖి రికార్డు అంటారు. రెండూ వేరు.

లెక్కల మాస్టారు:
ముఖాముఖి రికార్డులో చివరికి చూసింది ఏమిటండి? ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్. పేరు మారిస్తే సరుకు మారుతుందా?

తాడేపల్లి తెల్లచొక్కా:
ఆఖరి రోజు మేం బార్సిలోనా వెళ్లి క్యాంప్ నౌలో 1-1 తెచ్చుకున్నాం. మౌరా 85వ నిమిషంలో కొట్టాడు. అదే రోజు ఇంటర్ సొంతింట్లో పీఎస్‌వీ మీద గెలవలేక 1-1 చేసుకుంది. ఇంటర్ ఇంట్లో గెలిచుంటే మీ లెక్కే అక్కర్లేదు.

లివర్‌పూల్ లచ్చన్న:
మేం ఆ ఏడాది గ్రూపులో బయట ఆడిన మూడూ ఓడి కప్పు ఎత్తాం. మీరిద్దరూ కొట్టుకోండి, నేను టీ తాగుతా.

వైజాగ్ వింగర్:
ఆ రాత్రి నేను మర్చిపోలేను. మే 8. మధురవాడ స్టేడియంలో సన్‌రైజర్స్-ఢిల్లీ ఎలిమినేటర్ చూసి వస్తున్నా. 162 కొట్టి కూడా ఒక్క బంతి మిగిలుండగా ఓడిపోయాం. ఆ కడుపుమంటతో ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. అన్నం కలుపుకుని టీవీ ముందు కూర్చుంటే పన్నెండున్నరకి అయాక్స్ మ్యాచ్. డి లిక్ట్ గోల్ కొట్టేసరికి ఇంకా రెండో ముద్ద కూడా నోట్లోకి పోలేదు. హాఫ్‌టైమ్‌కి పడుకుందామనుకున్నా, అమ్మ లేచి 'ఇంకా పడుకోలేదా' అంటుందని సౌండ్ తీసేశా. మూడో గోల్ సౌండ్ లేకుండా చూశా. అయాక్స్ వాళ్లు ఒక్కసారిగా కింద పడిపోవడం, తెల్లచొక్కాల వాళ్లు ఒకే మూలకి పరిగెత్తడం. నోరు మూసుకుని గెంతా. నేను స్పర్స్ అభిమానిని కూడా కాదు.

మాంచెస్టర్ మావయ్య:
నేను సిటీ వైపు. సిటీ స్టేడియం ఎతిహాద్‌లో ఉన్నా ఏప్రిల్ 17న. మొదటి 11 నిమిషాల్లో నాలుగు గోల్స్, జాకెట్ జిప్ విప్పే టైమ్ కూడా దొరకలేదు. అసలు బాధ చివరిది. 90+3లో స్పర్స్ ఎరిక్సన్ వెనక్కి తన్నిన బంతి మా బెర్నార్డోకి తగిలి అగ్యూరోకి పోయింది, అక్కణ్నుంచి స్టెర్లింగ్, గోల్. పక్కన కూర్చున్న ముసలాయన, అంతవరకూ నాతో ఒక్క మాట మాట్లాడనివాడు, నన్ను వాటేసుకున్నాడు. మా కోచ్ గ్వార్డియోలా లైన్ వెంబడి గెంతుతున్నాడు. అప్పుడు వీడియో రిఫరీ మాట వినడానికి రిఫరీ చెయ్యి చెవి దగ్గరికెళ్లింది. అగ్యూరో ఆఫ్‌సైడ్, గోల్ రద్దు. ముసలాయన చేతులు తీసేసి మళ్లీ కూర్చున్నాడు, ఇంకోసారి నా వైపు చూడలేదు.

ఆఫ్‌సైడ్ ఆఫ్‌సైడే, దానికి ఏడవను. కానీ 73లో స్పర్స్ లొరెంటే కొట్టిన గోల్, బంతి నడుముకి తగలకముందు చేతికి తగిలిందా లేదా? నా దృష్టిలో తగిలింది.

తాడేపల్లి తెల్లచొక్కా:
నడుముకి మావయ్యా. రిఫరీ చాకిర్ తెర దగ్గరికెళ్లి చూసొచ్చి ఇచ్చిన గోల్ అది.

మాంచెస్టర్ మావయ్య:
మోచేతికి.

తాడేపల్లి తెల్లచొక్కా:
నడుముకి.

నైట్‌షిఫ్ట్ నాని:
చొక్కాకి తగిలింది. ఇద్దరూ ఊరుకోండి.

అర్ధరాత్రి అయాక్స్:
మీరు టాపిక్ ఎటో తీసుకుపోతున్నారు. నడుమా చెయ్యా కాదు ప్రశ్న. మావయ్యగారి మ్యాచ్‌లోనే చూడండి. లండన్‌లో స్పర్స్ 1-0, మాంచెస్టర్‌లో సిటీ 4-3. చెరొకటి గెలిచారు, చెరి నాలుగు కొట్టారు. ఇంకో అరగంట ఆడించడానికి ఏం నొప్పి? అయాక్స్ సంగతీ అంతే. వాళ్లు లండన్‌లో గెలిచారు, స్పర్స్ ఆమ్‌స్టర్‌డామ్‌లో గెలిచింది. ఇద్దరూ పక్కోడి ఇంట్లోనే గెలిచారు! రెండింటికీ విలువ ఒకటే కావాలి కదా. బయట మూడు కొడితే గొప్ప, బయట ఒకటి కొట్టి గోల్ ఇవ్వకుండా రావడం గొప్ప కాదా?

జియెక్ రెండో సగంలో కొట్టింది పోస్టుకి తగిలింది. నాలుగంగుళాలు ఇటు పడుంటే ఈ చర్చే లేదు.

తాడేపల్లి తెల్లచొక్కా:
వెర్టోంగెన్ హెడర్ బార్‌కి తగిలింది. నీ అంగుళాలు నువ్వు కొలుచుకో, నా అంగుళాలు నేను కొలుచుకుంటా.

లెక్కల మాస్టారు:
రూల్ ఎందుకు తీశారో చెప్తానండి, మీ ఇద్దరికీ పనికొస్తుంది. 1965-66లో కప్ విన్నర్స్ కప్ అనే యూరప్ పోటీలో మొదలైంది. అప్పట్లో బయటికి వెళ్లడమంటే యాత్రే. తెలియని మైదానం, తెలియని రిఫరీ, సగం టీమ్‌కి కడుపునొప్పి. డెబ్బయ్యో దశకం మధ్యలో ఇంటి జట్లు 61 శాతం మ్యాచ్‌లు గెలిచేవట, రూల్ తీసే నాటికి 47 శాతానికి పడిపోయింది. ఇవి యూఎఫా చెప్పిన అంకెలే. ఇంటి లాభం తగ్గినప్పుడు బయటి గోల్‌కి ఆ బరువు ఎందుకని వాళ్ల వాదన. ఇంకో చిక్కు, అదనపు సమయంలోనూ ఆ రూల్ నడిచేది. అంటే సెకండ్ లెగ్‌లో బయటి జట్టుకి 120 నిమిషాలు బరువైన గోల్స్ కొట్టే అవకాశం, ఫస్ట్ లెగ్ వాళ్లకి 90 నిమిషాలే.

ఇంటర్ సంగతి మాత్రం అవే గోలే.

లివర్‌పూల్ లచ్చన్న:
అవే గోల్ రాకముందు ఏం చేసేవారో తెలుసా? బొమ్మా బొరుసా. 1965లో మాకూ జర్మనీ జట్టు కొలోన్‌కీ రెండు మ్యాచ్‌లు 0-0, రాటర్‌డామ్‌లో మూడోది 2-2. బిళ్ల ఎగరేస్తే బురదలో నిలువుగా గుచ్చుకుపోయింది. మళ్లీ ఎగరేసి తేల్చారు, మేమే గెలిచాం. దానికంటే అవే గోల్ నయమే కదా అయాక్స్ తమ్ముడూ.

ఇంకోటి. ఆ రూల్ ఉండబట్టే మా బార్సిలోనా రాత్రికి ఆ రుచి. ఆ సీజన్ సెమీస్‌లో అక్కడ 0-3 ఓడాం, మా ఇంట్లో రెండో మ్యాచ్‌కి సలా లేడు, ఫిర్మీనో లేడు. 79లో మా అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కార్నర్ దగ్గర్నుంచి రెండడుగులు పక్కకేసి, గిరుక్కున వెనక్కి తిరిగి తన్నేశాడు. బార్సా వాళ్లు ఇంకా తలలు తిప్పుతూనే ఉన్నారు, మా ఆటగాడు డివాక్ ఒరిగి గోల్ కొట్టేశాడు. 4-0. కానీ అప్పుడు కూడా వాళ్లు ఒక్కటి కొడితే మొత్తం 4-4, అవే గోల్‌తో మేం ఇంటికే. ఆ పది పన్నెండు నిమిషాలు నా గుండె ఎక్కడుందో నాకే తెలీదు. ఇప్పటి రూల్‌తో అంత భయం ఉండేది కాదు. మహా అయితే అదనపు సమయం.

అర్ధరాత్రి అయాక్స్:
భయం పుట్టిస్తే న్యాయమైపోతుందా అన్నా? ఆ ఏడాదే జులై 14న లార్డ్స్‌లో క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్లో ఏమైంది? 241-241. సూపర్ ఓవర్ 15-15. బౌండరీలు లెక్కపెట్టి 26-17 అని ఇంగ్లండ్‌కి కప్పు ఇచ్చేశారు. అప్పుడు ఇదే ఫోరమ్‌లో అందరూ న్యూజిలాండ్‌కి అన్యాయం అన్నారు. మన తెల్లచొక్కాగారు ఏకంగా మూడు పేరాలు రాశారు. అక్టోబరుకల్లా ఐసీసీ ఆ రూల్ తీసేసింది. మరి అప్పుడు 'రూల్ ముందే తెలుసు' అనలేదేం?

తాడేపల్లి తెల్లచొక్కా:
అది వేరు.

అర్ధరాత్రి అయాక్స్:
ఎట్ల వేరు?

తాడేపల్లి తెల్లచొక్కా:
బౌండరీలు ఎవరూ గుర్తుపెట్టుకుని ఆడరు. అవే గోల్‌ని ప్రతి కోచ్ గుర్తుపెట్టుకునే ఆడతాడు. అయినా నీకు స్పర్స్ అంటేనే మంట. ఆ సీజన్ రెండు ట్రాన్స్‌ఫర్ విండోల్లోనూ (ఆటగాళ్లని కొనే గడువులు) ఒక్క ఆటగాణ్ని కొనకుండా ఫైనల్ చేరిన జట్టు మాది. నువ్వు టీవీలో నాలుగు నెలలు అయాక్స్‌ని చూసి పేరు మార్చుకున్నావు. ఇప్పుడు అయాక్స్ ఎక్కడుందో తెలుసా నీకు? కొత్త జట్టు దొరికితే ఆ పేరు కూడా మార్చేస్తావు.

అర్ధరాత్రి అయాక్స్:
మాట జాగ్రత్త. అయాక్స్ జులైలో క్వాలిఫయింగ్ నుంచి మొదలెట్టింది. స్టర్మ్ గ్రాజ్, స్టాండర్డ్ లియేజ్, డైనమో కీవ్ జట్లని దాటింది. తర్వాత బెర్నబ్యూలో రియల్ మాడ్రిడ్ మీద 4-1, టురిన్‌లో జువెంటస్ మీద 2-1. 19 ఏళ్ల డి లిక్ట్ కెప్టెన్. డి యాంగ్‌ని అప్పటికే బార్సాకి అమ్మేశారు, డి లిక్ట్ ఆ వేసవిలో జువెంటస్‌కి పోయాడు. ఆ జట్టుకి ఇంకో అవకాశం లేదని అందరికీ తెలుసు. వాళ్లకి రావాల్సిన అరగంట ఇవ్వలేదు.

ఎందుకింత పట్టుదల అంటే చెప్తా, నవ్వుకోండి. ఎంట్రన్స్‌లో నాకూ ఇంకో అబ్బాయికీ మార్కులు సమానం. లెక్కల్లో సమానం, ఫిజిక్స్‌లో సమానం. చివరికి పుట్టినతేదీ చూశారు. వాడు నాకంటే కొన్ని నెలలు పెద్ద. నేను కోరుకున్న కాలేజీలో ఆ చివరి సీటు వాడికి పోయింది. రూల్ బ్రోచర్‌లో ముందే రాసుందని అందరూ నాకు చెప్పారు. మా నాన్న కూడా. ముందే రాసి ఉంటే న్యాయమా? ఇద్దరికీ ఇంకో పేపర్ ఇచ్చుంటే ఓడినా ఒప్పుకునేవాణ్ని.

నైట్‌షిఫ్ట్ నాని:
ఓహ్.

వైజాగ్ వింగర్:
అన్నా, ఇది ముందే చెప్పుంటే రెండు పేజీలు మిగిలేవి.

తాడేపల్లి తెల్లచొక్కా:
పేరు మార్చుకున్నావన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తప్పే.

కానీ నా వైపూ విను. నాది కూడా రూల్ గొడవ కాదు. 2021లో తీసేసినప్పుడు నేనేం ఏడవలేదు, మాస్టారు చెప్పిన 120 నిమిషాల లెక్క నాకూ సబబే. నువ్వు 'గెలవలేదు' అన్నావే, అది గుచ్చుకుంది. ఆ క్లబ్ చరిత్రలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ అదొక్కటే. మాడ్రిడ్‌లో ఫైనల్ మొదలై నిమిషం కాకముందే మా సిసోకో చేతికి బంతి, లివర్‌పూల్ సలా పెనాల్టీ గోల్, కప్పు పోయింది. 2025లో యూరోపా లీగ్ కప్పు కొట్టాం, సంతోషమే. అయినా నా ఫోన్లో దాచుకున్నది ఆ రాత్రి మా కోచ్ పోచెట్టినో మైదానంలో ఏడుస్తున్న ఫొటోనే. ఆ రాత్రిని రూల్ పుణ్యం అని కొట్టేస్తే నాకు మిగిలేదేంటి?

అర్ధరాత్రి అయాక్స్:
మౌరా ఆడిన ఆటని నేను కొట్టెయ్యలేదు. ఆ మూడు గోల్స్ గురించి ఒక్క మాట తప్పుగా అనలేదు, పైకెళ్లి చదువు. నేనడిగేది మూడో గోల్ తర్వాతి అరగంట.

తాడేపల్లి తెల్లచొక్కా:
ఆ అరగంట ఆడించినా మేమే గెలిచేవాళ్లం. మీవాళ్లు అప్పటికే నేల మీద ఉన్నారు.

అర్ధరాత్రి అయాక్స్:
లేచేవాళ్లు.

మాంచెస్టర్ మావయ్య:
2022 సెమీస్‌లో మాకు ఆ అరగంట ఇచ్చారు. అవే గోల్ ఉండుంటే 90 నిమిషాలకే రియల్ మాడ్రిడ్ పైకెళ్లేది. లేదు కాబట్టి అదనపు సమయం ఆడించారు. బెంజెమా పెనాల్టీ కొట్టాడు, అప్పుడూ మేమే ఇంటికి. నాకైతే రెండూ ఒకేలా నొప్పి పెట్టాయి.

లెక్కల మాస్టారు:
అర్ధరాత్రిగారూ, ఆ ఇంకో అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడండి?

అర్ధరాత్రి అయాక్స్:
వాడే నా రూమ్మేట్ మాస్టారూ. నిన్న గొడవ పెట్టుకుంది వాడితోనే. వాడు స్పర్స్.