వీల్ కప్పు: పీకాలా, ఊడదీయాలా, ఇంకేదైనా మాట ఉందా?

అందరికీ నమస్కారం. చెన్నై నుంచి రాస్తున్నాను. ఒక క్రియాపదం విషయంలో మీ సాయం కావాలి.

మా నాన్నగారి పాత మోరిస్ మైనర్ కారు ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాని చక్రాల మీద గుండ్రటి మెరుపు మూతలుంటాయి, నడుమ ‘ఎమ్’ అక్షరం పొంగి కనిపిస్తుంది. నేనెరిగిన షెడ్లలో తమిళులైనా మనవాళ్లైనా వాటిని ‘వీల్ కప్పు’ అనే అంటారు. పోయిన నెల బ్రేకులు చూపిద్దామని బండిని షెడ్డుకి పంపాను. అక్కడ సూళ్లూరుపేట కుర్రాడొకడు పనిచేస్తాడు. “ముందు వీల్ కప్పులు పీకి పక్కన పెట్టు నాయనా” అని ఫోన్‌లో చెప్పాను. వాడు పీకాడు. స్క్రూడ్రైవరు ఒకేచోట దూర్చి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క లాగు లాగాడు. కప్పు వచ్చింది కానీ అంచు వేలెడు మేర మడతపడింది, మడత మీద క్రోమ్ పూత నెర్రెలిచ్చింది. సుత్తితో కొట్టి సాపు చేద్దామంటే ఉన్న పూత కూడా పెచ్చులూడుతుంది. అలాగే వదిలేస్తే మన ఊరి ఉప్పుగాలికి ఆ నెర్రెల్లోంచి తుప్పు మొదలవుతుంది.

కుర్రాడిని నేనేమీ అనలేదు. నేను చెప్పిన మాటే వాడు చేశాడు. పన్ను పీకుతాం, మేకు పీకుతాం, కలుపు పీకుతాం. రానని మొరాయించేదాన్ని పట్టుకుని బలంగా లాగడమే పీకడం. ‘విప్పు’ అందామంటే ఇక్కడ మరా లేదు, ముడీ లేదు. ‘ఊడదీయి’ కొంత దగ్గరే కానీ ఎలా ఊడదీయాలో ఆ మాట చెప్పదు. ‘తీయి’ మరీ పలచన. ఈ పనికి సరిపడే తెలుగు మాట ఏది?

*

జవాబు (ఉదయగిరి వైపు నుంచి వచ్చి పెరంబూరులో ఉంటున్నవారు):

అన్నా, మా ఊళ్లో పొలంలో పాతుకున్న రాయిని పలుగుతో ‘మీటి’ లేపేవాళ్లు. పక్కన చిన్నరాయి పెట్టి, దాని మీద పలుగు ఆనించి, మొనని పెద్దరాయి కిందికి దూర్చి కొంచెం మీటేవాళ్లు. కదిలితే అవతలి పక్కకి పోయి ఇంకొంచెం. బడిలో చదువుకున్న ‘మీట’ ఇదే కదా. మీ కప్పుని కూడా మీటమనండి.

*

మళ్లీ నేను:

ఎంత చక్కటి మాట ఇచ్చారండీ! రెండు రోజులుగా అదే తలుచుకుంటున్నాను. పలుగుతో రాయిని మీటుతాం, వేలి కొసతో వీణ తీగనీ మీటుతాం. రెండింటిలోనూ కొసన చిన్న కదలిక, వెంటనే వదలడం. తమిళంలో ‘మీట్టు’ అంటే వీణ మీటడం, తాకట్టు విడిపించడం కూడా. పలుగు పనికి మాత్రం వాళ్లకి ‘నెంబు’ అని వేరే మాట ఉంది. మన ‘మీటు’ ఒక్కటే వీణనీ పలుగునీ కలిపి పట్టుకుంది. నాకు ఇది ఎంతో సంతోషం కలిగించింది.

పనికి కూడా ఈ మాట అతికినట్టు సరిపోతుంది. మోరిస్ చక్రం నడుమ మూడు గుండీలుంటాయి, కప్పు అంచు వాటిని దాటి లోపలికి దిగి కరుచుకుని ఉంటుంది. కాబట్టి మొత్తం కప్పుని ఒక్కసారి లాగే పనే లేదు. ఒక గుండీ దగ్గర అంచు దాటితే మిగతావి తేలిగ్గా వదులుతాయి. సన్నటి స్క్రూడ్రైవరు వద్దు, వెడల్పాటి చదును మొన కావాలి, ఆ మొనకి గుడ్డ చుట్టాలి. ఆనించేచోట రిమ్ము రంగు గీసుకుపోకుండా పలచటి చెక్కముక్కో రబ్బరుముక్కో పెట్టాలి. మొన దూర్చాక మీదికి ఎత్తకుండా పక్కకి కొద్దిగా తిప్పాలి. అక్కడ కదలిక తెలియగానే ఆపి, జానెడు జరిగి మళ్లీ మీటాలి. రెండో చెయ్యి కప్పు మీదే ఉండాలి, లేకపోతే ఊడినప్పుడు సిమెంటు నేల మీద పడి సొట్టపోతుంది. ఇదంతా జాకీ ఎక్కించక ముందే చేయాలి, చక్రం నట్లు వదులు చేయడం కూడా బండి నేల మీద ఉండగానే కదా.

*

జవాబు (చూళైమేడు):

తీయడం సరే, పెట్టడానికి ఏమంటారు? మా షెడ్డులో ‘బిగించు’ అంటారు. బిగించడానికి మర లేదని మీరే అన్నారు.

*

నేను:

‘తొడుగు’ అంటే బాగుంటుందమ్మా. గాజులు తొడగడం గుర్తు తెచ్చుకోండి, ఎముక దగ్గర అడ్డుపడితే గాజుని ఏటవాలుగా పట్టి, ఒక పక్క దాటించి, తర్వాత రెండో పక్క జార్చుతారు. ఇదీ అంతే. అంచుని రెండు గుండీల మీద ముందు కూర్చోబెట్టి, మూడో గుండీ ఉన్నచోట పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తే టక్కుమని కరుచుకుంటుంది. నడిమి పొంగు మీద మాత్రం కొట్టకూడదు, అక్కడ రేకుకి వెనక ఆసరా ఉండదు. తొడిగే ముందు గుండీల తుప్పు గీకి, కాస్త గ్రీజు పూస్తే మళ్లీసారి తీయడం సులువు.

పాత అమెరికా బండ్లలో చాలా కప్పులకి గుండీల పద్ధతి ఉండదు. కప్పు వెనకే ఉక్కు పళ్లుంటాయి, అవి రిమ్ముని కొరికి పట్టుకుంటాయి. చక్రమంతా కప్పే రకమైతే గాలి కొట్టే వాల్వు రంధ్రం దగ్గర మొదలుపెట్టి, రెండు పక్కలా అరచేతితో తట్టుకుంటూ పోవాలి. ఊచల చక్రాలకి నడుమ రెక్కల నట్టు ఉన్నచోట మీటడం, తొడగడం రెండూ వర్తించవు. అది నిజంగానే మర, మెత్తటి రాగి సుత్తితో కొట్టి తిప్పాలి.

*

జవాబు (బెంగళూరు, జేసీ రోడ్డు దగ్గర):

‘కప్పు’ ఇంగ్లీషు ‘క్యాప్’ నుంచో ‘కప్’ నుంచో వచ్చి ఉంటుంది. కానీ తెలుగు చెవికి అది ‘కప్పడం’లోని కప్పే. ఇంటి కప్పు, చక్రం కప్పు. కొత్తమాట వెతకనక్కరలేదు, ఉన్నదే మనది చేసుకుందాం.

*

జవాబు (పెరంబూరు):

మా తాత బండి చక్రం నడిమి మొద్దుని ‘కుండ’ అనేవాడు. ఇరుసు చివర చక్రం జారిపోకుండా ‘సీల’, లోపల ‘కందెన’. ఎద్దులబండికి మాత్రం పైన మూత ఉండేది కాదు.

*

నేను:

మోరిస్‌లో మీ కుండకి తగ్గట్టే, వీల్ కప్పు తీస్తే లోపల బేరింగు మీద ఇంకో చిన్న మూత కనిపిస్తుంది, దుమ్ము పోకుండా, గ్రీజు కారకుండా. దాన్ని ‘కందెన మూత’ అంటే మీ తాతగారికి కూడా అర్థమయ్యేది.

నిన్న ఆదివారం కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని మిగిలిన మూడు కప్పులూ తీయించాను. “మీటు” అన్నాను. ఒక్క క్షణం ఆగి, “పలుగుతో మీటినట్టా అన్నా?” అని అడిగాడు. అవునన్నాను. మూడూ గీత పడకుండా వచ్చాయి. మడతపడిన నాలుగోదానికి జోడు కోసం ఈ వారం పుదుప్పేట పాత సామాన్ల అంగళ్లకి వెళ్తున్నాం. ఒకటి దొరికితే కొనేముందు అంచు చుట్టూ వేలితో తడిమి చూడమని వాడే నాకు చెప్పాడు.