మేరీ థార్ప్ పద్ధతిలో సముద్రగర్భ రేఖాచిత్రం గీయించడానికి సలహా కావాలి

నమస్కారం. నేను చిత్తూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లల చేత సైన్స్ ప్రదర్శనకు అమెరికా భూవిజ్ఞాని మేరీ థార్ప్ (1920–2006) గురించి ప్రాజెక్టు చేయించదలిచాను.

ఆడవాళ్లను పరిశోధన నౌకలు ఎక్కనివ్వని ఆ రోజుల్లో, ఆమె సహోద్యోగి బ్రూస్ హీజెన్ తదితరులు సముద్రం మీద సేకరించిన లోతుల అంకెలను ఆమె న్యూయార్క్ సమీపంలోని లామాంట్ పరిశోధనాలయంలో బల్ల ముందు కూర్చుని సిరాగీతలుగా మార్చారు. 1952లో అట్లాంటిక్ నడిమి పర్వతశ్రేణి శిఖరం వెంబడి ఆమెకు ‘వి’ ఆకారపు లోయ (అక్కడ సముద్రగర్భం చీలి విడిపోతోందనడానికి గుర్తు) కనిపిస్తే, హీజెన్ దాన్ని ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశారు. తీరా భూకంప కేంద్రాల పటాన్ని పక్కన పెట్టి చూస్తే, అవి సరిగ్గా ఆ లోయ వెంబడే బారులు తీరి ఉన్నాయి. 1977లో వెలువడిన ప్రసిద్ధ ప్రపంచ సముద్రగర్భ పటం కన్నా ఈ ఘట్టమే పిల్లలకు ముఖ్యమని నా అభిప్రాయం.

జెబ్కో (ప్రపంచ సముద్రాల లోతుల పటాలు రూపొందించే అంతర్జాతీయ కార్యక్రమం) లోతుల సమాచారం ఉచితంగానే దొరుకుతోంది గానీ, అదంతా గడులుగా ఉంది. అందులోంచి అట్లాంటిక్‌కు అడ్డంగా ఒకే రేఖ మీది లోతులను బడిలోని మామూలు కంప్యూటరుతో వేరుచేయడం ఎలా? లోయ తప్పిపోకుండా శిఖరం దగ్గర అంకెలను ఎంత దగ్గర దగ్గరగా తీసుకోవాలి? వేల కిలోమీటర్ల వెడల్పు ముందు రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు గ్రాఫు కాగితం మీద ఆనదు కనుక, నిలువు కొలతను ఎన్ని రెట్లు పెంచడం సబబు? తిరుపతిలో భూగర్భశాస్త్రం చదివినవారు ఎవరైనా వివరించగలరని ప్రార్థన.