అప్‌డేట్: ఇంటి తోట డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటి చుట్టూ ఖాళీ స్థలం ఉంది, తోట డిజైన్ నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి అని ఇంతకుముందు అడిగాను. మొక్కల జోలికి వెళ్లకముందు స్థలాన్ని కొలిచి కాగితం మీద గీయమని మీలో చాలామంది చెప్పారు. అదే చేశాను, చాలా థ్యాంక్స్.

ఆ ప్లాన్ మీద పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎక్కడ పడుతోందో రంగు పెన్సిళ్లతో గుర్తుపెట్టాను. కూర్చునే చోటు దాంతోనే తేలిపోయింది: సాయంత్రం ఇంటి నీడ పడే తూర్పు వైపు. వాన నీరు గోడల దగ్గర నిలవకుండా నేల వాలు ఇంటి నుంచి బయటికి ఉండాలి, మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు. నా దృష్టిలో అందం కన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. ఇద్దరు పక్కపక్కన నడిచేలా దారికి 4 అడుగులు వదిలాను.

మొక్కలు చివర్లో వచ్చాయి. నీళ్లు ఎక్కువ కావాల్సినవన్నీ ఒకచోట, తక్కువ సరిపోయేవి ఇంకోచోట. చెట్టు పూర్తిగా పెరిగాక ఎంత వెడల్పు అవుతుందో అంత వృత్తం గీసి దూరాలు నిర్ణయించాను. రకాలు తగ్గించి, ఒకే మొక్కను గుంపులుగా అక్కడక్కడా మళ్లీ వాడమన్న సలహా నాకు బాగా నచ్చింది. తోటంతా ఒక్కటిగా కనిపిస్తుంది.

ఇప్పుడు దారి పని నడుస్తోంది. వంటగది కిటికీకి ఎదురుగా చూపు ఆగేలా ఒక చెట్టు పెట్టాలి. ఏ చెట్టు అన్నది ఇంకా తేల్చుకోలేదు.