పీయూష గ్రంథిలో పీయూషం ఎక్కడిది?

పదో తరగతి అమ్మాయికి పాఠం చెబుతూ ఒక తల్లి నిన్న ఇక్కడ అడిగారు: "పిట్యూటరీని పీయూష గ్రంథి అంటున్నారు. ఇది అనువాదమా, ఆ ఇంగ్లీషు పేరునే సంస్కృతంలా పలికారా?" చాలా మంచి ప్రశ్నమ్మా. వ్యాఖ్యలో ఇమడదని విడిగా రాస్తున్నాను.

పిట్యూటరీ అంటే మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి. పీయూష అనేది ఆ పేరు అర్థానికి అనువాదం మాత్రం కాదు. లాటిన్‌లో పిట్యూటా అంటే కఫం. మెదడులోని కఫం ఈ గ్రంథి మీదుగా ముక్కులోకి దిగుతుందని పాతకాలపు యూరప్ వైద్యులు నమ్మారు, ఆ పేరే నిలిచిపోయింది. దాన్ని ఉన్నదున్నట్టు అనువదిస్తే మన పిల్లలు "శ్లేష్మ గ్రంథి" అని చదువుకునేవారు! హిందీలోనూ పీయూష గ్రంథే. శబ్దం దగ్గరగా ఉందని ఈ మాట తీసుకున్నారని నా అభిప్రాయం.

అయితే మాట గొప్పగా అమరింది. అమరకోశం స్వర్గవర్గంలో "పీయూషమమృతం సుధా" అని ఉంది, ఇది అందరికీ తెలిసిందే. వైశ్యవర్గంలో ఇంకోటి ఉంది: "పీయూషోఽభినవం పయః". అప్పుడే ఈనిన ఆవు పాలు, అంటే మన జున్నుపాలు. పాలు తయారు కావడానికి కావలసిన ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఈ గ్రంథి నుంచే వస్తుంది. బిడ్డ రొమ్ము పట్టగానే పాలు చేపడానికి కావలసిన ఆక్సిటోసిన్‌ను రక్తంలోకి వదిలేదీ ఇదే. కఫం కంటే జున్నుపాలే సత్యానికి దగ్గర.

ఆ ప్రశ్న కింద ఒక మిత్రులు "అది గ్రంథులన్నిటికీ రాజు, కాబట్టి అమృతం అన్నా తప్పులేదు" అన్నారు. ఇక్కడ నేను ఒప్పుకోను. బఠాణీ గింజంత ఉండే ఈ గ్రంథి పైన మెదడులోని హైపోథాలమస్ అనే భాగం మాట వింటుంది, కింద అండాశయం, వృషణాల మాట కూడా వింటుంది. పైనుంచి వచ్చే హార్మోన్ పేరు జీఎన్ఆర్‌హెచ్. అది ధారగా రాదు, విడతలు విడతలుగా వస్తుంది. ఆగకుండా ఇస్తే పీయూష గ్రంథి కొన్నాళ్లకు స్పందించడమే మానేస్తుంది. సరైన విడతల్లో అందితే ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లు వదులుతుంది. వాటి వల్ల అండాశయంలో ఈస్ట్రోజెన్, వృషణాల్లో టెస్టోస్టెరాన్ తయారవుతాయి. అవి రక్తంలో తిరిగి పైకి చేరి "ఇక చాలు" అని చెబుతాయి.

దీన్నే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. "రుణాత్మక" అని రాస్తే పిల్లలకు అప్పో, చెడో అనిపిస్తుంది. నాకు తోచేది పంక్తి భోజనం. వడ్డించేవాళ్లు వడ్డిస్తూనే ఉంటారు, మనం విస్తరి మీద చేయి అడ్డం పెడితే ఆగుతారు. ఆ అడ్డం పెట్టిన చెయ్యే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. కండల కోసం బయటినుంచి టెస్టోస్టెరాన్ ఎక్కించుకునే కుర్రాళ్లకు జరిగేదీ ఇదే. విస్తరి నిండిందనుకుని పైనుంచి వడ్డన ఆగిపోతుంది. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ పడిపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. తల్లిదండ్రులు దయచేసి ఈ సంగతి ఇంట్లో చెప్పండి. ముట్లుడిగిన ఆడవాళ్లలో దీనికి తిరగేసి జరుగుతుంది. అండాశయం "చాలు" అనడం మానేస్తుంది, అందుకే రక్తపరీక్షలో ఎఫ్ఎస్‌హెచ్ బాగా పెరిగి కనిపిస్తుంది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఆడవాళ్ల నెలసరి చక్రం మధ్యలో జరిగేది. అప్పటిదాకా "చాలు" అన్న ఈస్ట్రోజెనే, బాగా పెరిగి దాదాపు రెండు రోజులు ఆ స్థాయిలో నిలిస్తే "ఇంకా కానివ్వు" అంటుంది. హార్మోన్ అదే, మాట మారింది. ఇది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. దాంతో ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఉప్పెనలా లేస్తుంది. ఆ లేవడం మొదలైన సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. అండం వెళ్లిన చోట మిగిలిన కణజాలం ప్రొజెస్టెరాన్ వదులుతూ మళ్లీ చేయి అడ్డం పెడుతుంది. గర్భం రాకపోతే రెండు వారాల్లో ఆ కణజాలం వాడిపోతుంది, హార్మోన్లు పడిపోతాయి, నెలసరి వస్తుంది. పైనుంచి వడ్డన మళ్లీ మొదలు.

"ఫీడ్‌బ్యాక్‌ను ప్రతిస్పందన అంటే సరిపోదా?" అని ఇంకొకరు అడిగారు. సరిపోదండీ. గిల్లితే చెయ్యి వెనక్కి తీసుకోవడం ప్రతిస్పందన. ఇక్కడ చేసిన పని ఫలితం, పని చేయించినవాళ్ల దగ్గరికే తిరిగి వెళ్తోంది. మనకు "తిరుగు టపా" అనే మాట ఉండనే ఉంది. ఆ దారిలో "తిరుగు కబురు" అంటే ఎలా ఉంటుంది? నెగెటివ్‌కు "చాలు కబురు", పాజిటివ్‌కు "కానివ్వు కబురు". పరీక్షలో పాఠ్యపుస్తకం మాటే రాయనివ్వండి, ఇంట్లో చెప్పేటప్పుడు మాత్రం ఇలా చెప్పి చూడండి. "కానివ్వు" కంటే మంచి మాట మీ ఊళ్లో ఉంటే కింద రాయండి, నాకు అదొక్కటే ఇంకా కుదరలేదు.