సగంలో ఆగిన ఆనింగ్: మోటార్ పోయినట్టేనా?

గుంటూరు ట్రావెలర్:
నమస్కారమండి. మా టెంపో ట్రావెలర్‌ని కారవాన్‌గా కట్టించి రెండేళ్లయింది. డోరు వైపు 12 వోల్టుల మోటార్ ఆనింగ్ ఉంది, అదే, బండి పక్కకి తెరుచుకునే నీడ గుడ్డ. మొన్న సూర్యలంక బీచ్‌లో రాత్రి ఆగాం. పొద్దున మూయబోతే సగం దాకా వచ్చి ఆగిపోయింది. స్విచ్ నొక్కితే టిక్‌మంటుంది, అంతే. పక్కనున్న బొక్కలో హ్యాండిల్ పెట్టి తిప్పి తిప్పి మూశా. ఇక్కడ మెకానిక్కు మీటర్ పెట్టి చూసి, "మోటార్ వైర్లు ఊడదీసి చూశాను, 12.4 వస్తోంది. మోటారే పోయింది, కొత్తది వేయాల్సిందే" అంటున్నాడు. వేయించేయనా?

కృష్ణలంక బాబాయ్:
ముందు ఫ్యూజు చూడు అబ్బాయ్.

గుంటూరు ట్రావెలర్:
చూశా బాబాయ్, బాగానే ఉంది.

ఆటోనగర్ వైరింగ్:
ఆగండి సార్, డబ్బులు తగలేయకండి. టిక్‌మనేది రిలే, అంటే స్విచ్ నొక్కితే మోటార్‌కి కరెంటు కలిపే డబ్బా. హ్యాండిల్‌తో సాఫీగా మూసుకుందంటే గుడ్డని పట్టుకునే మడత చేతులు, గుడ్డ చుట్టుకునే రోలరు బిగుసుకోలేదు. ఇక మీటర్ సంగతి. వైర్లు ఊడదీసి చూస్తే తుప్పు పట్టిన జాయింటు కూడా 12 చూపిస్తుంది. కుళాయి కట్టేసి ఉంటే నాచు పట్టిన పైపులో కూడా ప్రెషర్ నిండుగానే ఉంటుంది కదా, తిప్పితేనే ధార ఎంతో తెలిసేది. వైర్లు మోటార్‌కి తగిలించే ఉంచి, ఒకరు స్విచ్ నొక్కి పట్టుకుంటే మీరు చూడండి. అప్పుడూ 12 దరిదాపుల్లో ఉండి మోటార్ కదలకపోతే, మీ మెకానిక్కు చెప్పిందే నిజం. బాగా పడిపోతే మాత్రం, అలా నొక్కి పట్టుకునే బ్యాటరీ మైనస్‌కి, రిలే ఎర్తు తీగకి (కరెంటు ఛాసిస్ గుండా బ్యాటరీకి తిరిగెళ్లే దారి) మధ్య చూడండి. అర వోల్టు దాటిందంటే దొంగ ఎర్తులోనే ఉన్నాడు. మీటర్ లేకపోతే మోటార్ బదులు 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించండి, గుడ్డిగా వెలిగితే వోల్టేజీ పడిపోతున్నట్టే.

ఒక్క మాట, మోటార్ మాత్రం మీరు విప్పకండి. మడత చేతుల్లో స్ప్రింగులుంటాయి. రోలరుకి పట్టు పోయిందంటే ఒక్కసారి తన్నుకొస్తాయి. విప్పేటప్పుడు ఆనింగ్ చేతులు రెండూ లారీ బెల్టుతో బిగించి కట్టాల్సిందే.

గుంటూరు ట్రావెలర్:
అన్నా, నువ్వు చెప్పినట్టే అయింది! స్విచ్ నొక్కితే మోటార్ దగ్గర 6.8. ఎర్తు దగ్గర 4.9 పోతోంది. ఫుట్‌బోర్డు కింద ఛాసిస్‌కి కొట్టిన బోల్టు అది. పెయింటు మీదే బిగించేశారు, లోపలంతా పచ్చగా ఉప్పు తుప్పు. ఎమరీ కాగితంతో ఇనుము తెల్లగా మెరిసే దాకా రుద్ది, తీగ చివర కొత్త కన్ను, కొత్త బోల్టు వేసి, పైన వ్యాజిలీన్ పట్టించా. ఒక్క నొక్కుకి చివరి దాకా వెళ్లింది. కాకపోతే తడి గుడ్డ చుట్టేశా కదా, లోపల బూజు వాసన కొడుతోంది.

ఆటోనగర్ వైరింగ్:
పూర్తిగా తెరిచి ఎండలో ఉంచండి, గాలి లేస్తే వెంటనే మూసేయండి. మరకలుంటే సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు.

కృష్ణలంక బాబాయ్:
గుంటూరు ఎండకి మిరపకాయలే గలగలమంటాయి, నీ గుడ్డెంత!