మెక్‌డేవిడ్, డ్రైసైటిల్ ఒకే లైన్‌లోనా, విడివిడిగానా?

ప్రశ్న: 2025 స్టాన్లీ కప్ (NHL ఐస్ హాకీ) ఫైనల్ మ్యాచ్‌లు మళ్ళీ చూశా, మన ఎడ్మంటన్ ఆయిలర్స్ ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో సిరీస్ 4-2తో ఓడిపోవడం ఇప్పటికీ మింగుడు పడట్లేదు. మన స్టార్ ఫార్వర్డ్‌లు మెక్‌డేవిడ్, డ్రైసైటిల్ ఇద్దర్నీ ఒకే లైన్‌లో (కలిసి ఐస్ మీదకి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు) పెడితే మిగతా మూడు లైన్లు తేలిపోతున్నాయి అనిపిస్తోంది, మీరేమంటారు?

రిప్లై 1: విడదీయాల్సిందే బ్రో. ఒకే లైన్‌లో ఉంటే అవతలి కోచ్ తన బెస్ట్ డిఫెన్స్ జోడీని వాళ్ళ మీదకే వదుల్తాడు, పైగా హోమ్ టీమ్‌కి లాస్ట్ చేంజ్ (ఆట ఆగినప్పుడు అవతలి వాళ్ళని చూసి చివరగా ఆటగాళ్ళని మార్చుకునే వీలు) ఉంటుంది కాబట్టి ఫ్లోరిడాలో ఆడేటప్పుడు ఇంకా కష్టం. చివర్లో గోల్ కావాల్సినప్పుడు కలిపితే చాలు.

రిప్లై 2: లైన్లు సరే, గోలీ (గోల్‌కీపర్) సంగతేంటి? నాలుగో గేమ్‌లో ఫస్ట్ పీరియడ్‌కే 3-0 అయితే మన గోలీ స్కిన్నర్‌ని తీసి బ్యాకప్ పికార్డ్‌ని దింపారు, ఓవర్‌టైమ్‌లో డ్రైసైటిల్ ఒక చేత్తో తోసిన పక్ (హాకీ బిళ్ళ) పాంథర్స్ డిఫెండర్‌కి తగిలి లోపలికెళ్ళి 5-4తో గెలిచాం, ఆరో గేమ్‌కి మళ్ళీ స్కిన్నర్, 5-1తో ఓటమి. మన ఫార్వర్డ్ హైమన్ గాయంతో ఫైనల్‌కే లేడు, నెట్ ముందు ఆ లోటు బాగా కనిపించింది.

రిప్లై 3: అసలు తేడా మూడో లైన్. పాంథర్స్‌కి అక్కడ మార్షాండ్, లుండెల్, లుయోస్టరినెన్. మనకి అలాంటి మూడో లైన్ ఏది?

ప్రశ్న అడిగినవాడు: నిజమే, ముందు వింగర్లు (లైన్‌లో పక్కల ఆడే ఫార్వర్డ్‌లు) కావాలి మనకి.